పొట్లం కట్టిన ఇంగ్లీషు

మా మనవరాలి ఫోనుకు రోజూ పొద్దున ఒక ఇంగ్లీషు మాట వస్తుంది. మామూలుగా ఎవరూ వాడని మాటలే వెతికి పంపిస్తారు. కింద దాని అర్థం, అదే అర్థం వచ్చే నాలుగు మాటలు, దాన్ని ఎలా వాడాలో చూపించే ఒక వాక్యం. ఆ పిల్ల తిరువళ్ళూరు నుంచి మద్రాసుకు ఉద్యోగానికి పోతూ రైల్లో దాన్ని బట్టీ పడుతుంది. మొన్న ఇడ్లీ తింటూ తింటూ, "అవ్వా, ఈ దినం వచ్చిండే మాటకి నాలిక తిరగలేదు చూడు" అని ఒక్కో ముక్కా విరిచి చదివింది. కంట్యుమేషస్.

నేను చట్నీ గిన్నె కింద పెట్టి అర్థం చెప్పాను. పెద్దల మాటకు, అధికారానికి మొండిగా ఎదురు తిరిగే మనిషి అని. స్టబర్న్, డిసొబీడియెంట్, రెబెల్లియస్, ఇన్‌సబార్డినేట్ అని నాలుగు మాటలూ వరసగా అప్పజెప్పాను. తెలుగు బడిలో ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన ముసలిదానికి ఇది ఎలా తెలుసని ఆ పిల్ల నోరు వెళ్ళబెట్టింది.

"యాడ నేర్చుకున్నావవ్వా?"

"ఒక మహానుభావుడు నేర్పినాడులే" అన్నాను. గరిటె ఠంగున గిన్నెలో పడేశాను. చెయ్యి జారి కాదు, కోపానికి. ఆయన పోయి ఎన్నేళ్ళయిందో నాకు తెలియదు గాని నా కోపం మాత్రం నిక్షేపంగా ఉంది. కొందరికి పుట్టుకతో మంచి గొంతు వస్తుంది. నాకు పగ వచ్చింది.

అప్పట్లో మేము తిరుత్తణిలో ఉండేవాళ్ళం. కొండ మెట్లు మొదలయ్యే చోట మాది పూజా సామాన్ల అంగడి. లోపలికి అడుగు పెడితే ముందు కర్పూరం ముక్కుకు తగిలేది, తర్వాత గంధం చెక్క, ఆ తర్వాత వెనక గదిలో అవ్వ వేయించే శనగపప్పు. అమ్మ నేను నడక నేర్వకముందే పోయింది. నాయన అంగడి చూసుకునేవాడు. నాయన తల్లి, అంటే మా అవ్వ, మమ్మల్ని చూసుకునేది. మేమంటే నేనూ, నాకంటే ఆరేళ్ళు పెద్దదైన మా అక్కా.

ఈ కాలం పిల్లలకు పొట్లం అంటే ఏమిటో చెప్పాలి. అప్పుడు ప్లాస్టిక్ కవర్లు లేవు. విభూదైనా, కుంకుమైనా, కలకండైనా కాగితంలో కట్టి ఇవ్వాల్సిందే. పాత కాగితాలు తూకానికి వచ్చేవి. పాత పేపర్లు, కోర్టు కాగితాలు, పిల్లలు రాసిన పరీక్ష కాగితాలు, ఏవో ఆఫీసుల్లో పారేసిన ఇంగ్లీషు ఫారాలు. వాటిని నలుచదరంగా చింపి, మూలలు మడిచి, ఆఖరి కొసను లోపలికి దోపేస్తే పొట్లం. బంక ఉండదు, దారం ఉండదు. అవ్వ కట్టిన పొట్లాన్ని గోడకేసి కొట్టినా విడేది కాదు. "మన పొట్లం ఆరణి దాకా పోయినా రవ్వంత కారకూడదు" అనేది. ఆడి కృత్తికకు, అంటే ఆషాఢంలో కొండ మీద జరిగే పెద్ద పండక్కి, కావళ్ళు మోసుకుంటూ జనం విరగబడి వస్తారు కాబట్టి రెండు నెలల ముందు నుంచే వెనక గదిలో కాగితాలు మడిచేవాళ్ళం. కూలి కింద అవ్వ మాకు బొరుగులు, వేయించిన శనగపప్పు, బెల్లం ముక్క పెట్టేది. బెల్లం చేత్తో కాగితం ముట్టుకుంటే మాత్రం నెత్తిన మొట్టేది.

అక్క ఏ కాగితాన్నీ చదవకుండా మడిచేది కాదు.

"ఉండవ్వా, ఇంగా అయిపోలే" అనేది.

"కుంకం పోసేదానికి చదువెందుకే?" అని అవ్వ లాక్కునేది.

సగం చింపిన పేపర్లలో వార్తలు, ఎవరివో దావాలు, ఎవరివో తప్పుల తడకల జవాబులు చదివి చదివి మా అక్క బడిలో ఎవరికీ రానంత ఇంగ్లీషు నేర్చుకుంది. తిరువళ్ళూరులో ఆడపిల్లలకు టీచరు ట్రైనింగు బడి ఉండేది. పదకొండో తరగతి అయ్యాక అందులో చేరి టీచరు కావాలని దాని కోరిక. కోరిక అంటే చాలదు. అది అన్నం తింటూ కూడా ఎడమ చేత్తో గోడ మీద పాఠం రాసేది. నాయన కూడా సరేనన్నాడు. మా వాళ్ళలో ఆడపిల్లను అంతవరకు చదివించడమే గొప్ప. అటువంటిది నాయన వచ్చిన వాళ్ళందరికీ, "మా పెద్దది టీచరమ్మ కాబోతా ఉంది" అని చెప్పుకునేవాడు.

ఇక ఆ మహానుభావుడు. మా బడికి హెడ్మాస్టరు, ఇంగ్లీషు చెప్పేదీ ఆయనే. అందరూ పెద్దయ్యవారు అనేవాళ్ళు. బడి వసారాలో, వీధిలోంచి కూడా కనిపించేలా ఒక నల్లబల్ల ఉండేది. రోజూ పొద్దున దాని మీద ఒక ఇంగ్లీషు మాట రాసేవాడు. ఆ మాట కోసం ఏ నిఘంటువు అడుగునో తవ్వేవాడు. కింద అర్థం, నాలుగు సమానమైన మాటలు, చివర వాడుక అని ఒక వాక్యం. అక్షరాలు ముత్యాలే, ఒప్పుకుంటాను. కాని ఆ వాడుక వాక్యంలో మాలో ఎవరినో ఒకరిని పెట్టేవాడు. లావుగా ఉన్న పిల్ల ఒక మాటకు, నత్తిగా మాట్లాడే పిల్లవాడు ఇంకో మాటకు, తండ్రి తాగి రోడ్డు మీద పడే పిల్లవాడు మరో మాటకు. మంచి అర్థం ఉన్న మాటకు మాత్రం ఎప్పుడూ ఎవరూ గుర్తొచ్చేవాళ్ళు కాదు. బడి మొత్తం గుంపుగా చేరి గొంతెత్తి చదవాలి. పలకడం తప్పయితే మళ్ళీ చదవాలి. ఆయన పక్కన నిలబడి పొడుం పీలుస్తూ సంతోషపడేవాడు.

నేను ఆరో తరగతిలో ఉండగా నాకు విషజ్వరం వచ్చింది. తగ్గితే గుండు చేయిస్తానని అవ్వ కొండకు మొక్కుకుంది. తగ్గింది, చేయించింది. గుండుకు చల్లగా గంధం పూసి బడికి పంపింది. నేను మామూలుగానే వెళ్ళాను, మా ఊళ్ళో గుండు ఎవరికి కొత్త? ఆ రోజు బల్ల మీద మాట, గ్లాబ్రస్. వెంట్రుకలు లేని, నున్నటి అని అర్థం. వాడుక, పూజా అంగడి చిన్న పిల్ల గ్లాబ్రస్‌గా ఉంది.

అంతమంది ఒకేసారి నా గుండు వైపు చూసి గట్టిగా చదివారు. రెండోసారి ఇంకా గట్టిగా చదివారు. గంధం చెమటతో కలిసి కళ్ళల్లోకి కారింది. అప్పుడు అక్క వరసలోంచి బయటికి వచ్చింది. నడిచి వెళ్ళి, దావణి చెంగుతో ఆ ఒక్క వాక్యం తుడిచేసింది. పైన మాట అలాగే ఉంది, అర్థం అలాగే ఉంది. వాడుక ఒక్కటే పోయింది. వచ్చి మళ్ళీ వరసలో నిలబడింది. పెద్దయ్యవారు పొడుం డబ్బీ మూత వేసుకున్నాడు.

మర్నాడు బల్ల మీద మాట కంట్యుమేషస్. వాడుక, పూజా అంగడి పెద్ద పిల్ల కంట్యుమేషస్. ఒక్క రోజు కాదు, వారం రోజులు ఆ మాటను తుడవనివ్వలేదు. నాకు ఇప్పటికీ అది కంఠతా వచ్చు అంటే రాదా మరి.

నేను కొండ మీద స్వామికి చెప్పుకున్నాను. ఆయన జుట్టు మొత్తం రాలిపోవాలని, రాలిన జుట్టు మళ్ళీ మొలవకూడదని స్పష్టంగా కోరుకున్నాను. తర్వాత సోమవారం ఆయన నూనె రాసుకుని నిగనిగలాడే క్రాపుతో వచ్చాడు. స్వామికి పని ఎక్కువ, ఇది నేనే చూసుకోవాలని అర్థమైంది. ఆయన ఇంటికి వెళ్ళే విభూదిలో పొయ్యి బూడిద కలిపాను. ఆయన గుర్తు కూడా పట్టలేదు.

ఎండాకాలంలో ఫలితాలు వచ్చాయి. అక్క బడికే మొదటిది. బడి వదిలేటప్పుడు ఇచ్చే సర్టిఫికెట్టులో నడవడి అని ఒక గడి ఉంటుంది. అందరికీ అందులో గుడ్ అని రాస్తారు. దొంగతనం చేసి దొరికిన వాడికి కూడా గుడ్ అనే రాశారు. అక్కకు ఆ గడిలో ముత్యాల్లాంటి అక్షరాలతో కంట్యుమేషస్ అని ఉంది.

నాయనకు తమిళం, తెలుగు వచ్చు. ఇంగ్లీషులో అక్షరాలు మాత్రం గుర్తుపడతాడు. ఆయన వేలు పెట్టి లెక్కపెట్టాడు. మిగతా పిల్లలకు నాలుగు అక్షరాలు, మా అక్కకు పన్నెండు. ఆయన మొహం చూడాలి మీరు. "అయ్యవారు మామూలోడు కాదు. మన పిల్లకి గుడ్ చాలదని ఇంత పెద్ద మాట వెతికి రాసినాడు" అన్నాడు. సర్టిఫికెట్టు నాలుగు మూలలా కుంకుమ పెట్టి అంగట్లో స్వామి పటం ముందు ఉంచాడు. గంధం కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ చూపించాడు. చదవడం వచ్చినవాళ్ళకు అర్థం తెలియదు, అర్థం తెలిసిన మాకు నోరు రాదు.

"చెప్పేద్దామక్కా" అన్నాను.

"యేమని చెప్తావు? చూడు, యెంత సంతోషంగా ఉండాడో. తిరువళ్ళూర్లో మార్కులు చూస్తారులే" అంది అక్క. దాని గొంతులో నమ్మకం లేదు.

తిరువళ్ళూరు వెళ్ళిన రోజు నన్ను కూడా తీసుకెళ్ళారు. అవ్వ పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ కట్టిచ్చింది. అరక్కోణంలో బండి ఎంతసేపు నిలబడిందో, నాయన అక్కను అంతసేపూ "టీచరమ్మా" అనే పిలిచాడు. ట్రైనింగు బడిలో ఒక పెద్దావిడ మార్కులు చూసి నవ్వింది. తర్వాత సర్టిఫికెట్టు చూసి నవ్వు ఆపేసింది. "ఏం చేశావమ్మా?" అని అక్కను తమిళంలో అడిగింది. అక్క తల వంచుకుంది. నాయనకు అది సిగ్గు అనిపించింది. ముందుకు వంగి, చేతులు కట్టుకుని, "అమ్మా, ఆ మాటకి అర్థం యేందో మీ నోటితో ఒకతూరి చెప్పండి, వింటాను" అని తమిళంలో అడిగాడు.

ఆవిడ మా అందరినీ ఒకసారి చూసింది. "అడంగాద పొణ్ణు" అంది. అణగని పిల్ల అని. మాకు తర్జుమా అక్కర్లేదు. పిల్లలకు పాఠం చెప్పే పనికి ఇలా రాయించుకున్న పిల్లను తీసుకోలేమని, ఆషాఢం దాటాక రెండో జాబితా ఉంటుందని, ఆలోగా సర్టిఫికెట్టు మార్చి తెస్తే చూస్తామని చెప్పింది. చెడ్డ మనిషి కాదు.

తిరుగు బండిలో నాయన పెరుగన్నం మూట విప్పలేదు. ఇల్లు చేరాక స్వామి పటం ముందు ఆ కాగితం ఉండే ఖాళీ చోటును చూస్తూ నిలబడ్డాడు. ఆ నిలబడటం చూసిన రోజే నేను నిశ్చయం చేసుకున్నాను. బూడిదతో తీరేది కాదు ఇది.

ఆడి కృత్తిక వచ్చింది. తెల్లవారకముందు నుంచే మెట్ల దారి నిండా పూల కావళ్ళు, అరోహరా కేకలు. పసుపు బట్టలు, పాల కుండలు, పిండిన నిమ్మకాయలు, చెమట, నలిగిన చామంతుల వాసన. పెరియపాళయం అవతలి పల్లెల నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. మా అంగట్లో సామాను కొన్నవాళ్ళు చెప్పులు, సంచులు మా దగ్గర పెట్టి కొండెక్కడం ఆనవాయితీ. నాయన, అక్క ముందర బేరాలు చూస్తున్నారు. అవ్వా నేనూ వెనక గదిలో పొట్లాలు కడుతున్నాం.

పొద్దెక్కాక పెద్దయ్యవారు వచ్చాడు. స్నానం చేసిన తడిబట్టలతో, భుజాన కావడితో. మా ముందుకు రావడానికి సిగ్గు పడతాడనుకున్నాను. ఏ సిగ్గూ లేదు. కర్పూరం కొని, గుడ్డసంచి నాయనకు ఇచ్చాడు. "భద్రం. నా జీవితమంతా ఇందులో ఉండాది. దిగొచ్చి మధ్యాన్నం బండికి మద్రాసు పోవాల, అచ్చుకిచ్చేదానికి" అన్నాడు. నాయన రెండు చేతులతో తీసుకున్నాడు. ఆ వినయం నాకు ఒళ్ళు మండించింది. సంచి తెచ్చి వెనక గదిలో మేకుకు తగిలించాడు.

అందులో ఏముందో నాకు తెలుసు. బడిలో అందరికీ తెలుసు. ఆయన మాటలన్నీ వరసగా రాసుకున్న లావుపాటి నోటు పుస్తకం. అట్ట తీసి సి అక్షరం దగ్గర వెతికాను. కంట్యుమేషస్. అర్థం, నాలుగు మాటలు, వాడుక. పూజా అంగడి పెద్ద పిల్ల. అదే వాక్యం, ఒక్క అక్షరం మార్చలేదు. అది అచ్చుకు పోతుంది. మద్రాసులో, ఇంకా ఎక్కడెక్కడో పిల్లలు గుంపుగా చేరి మా అక్కను గట్టిగా చదువుతారు.

కాగితం అయిపోయి ఆ పని చేశానని మీరు అనుకోవద్దు. పాత పేపర్ల కట్ట ఒకటి విప్పకుండా అలాగే ఉంది. కావాలనే చేశాను. మొదట ఆ పేజీ చింపాను. దాన్ని నాలుగు ముక్కలు చేసి మడిచాను. తర్వాత నా గుండు పేజీ. తర్వాత ఎ నుంచి మొదలుపెట్టి వరసగా చింపుకుంటూ పోయాను.

అవ్వకు చూపు ఆనదు. వేళ్ళతో తడిమి, "యాడిదే ఈ కాయితం? మందంగా, బలే ఉండాదే" అంది.

"కొత్తగా వచ్చినాదవ్వా" అన్నాను.

ఇద్దరం మడిచాం. కుంకుమ పోశాం, విభూది పోశాం. అక్క గంపలకు గంపలు ముందుకు పట్టుకెళ్ళింది. ఆ జనంలో ఆమెకు కాగితం చూసే తీరిక లేదనే అనుకున్నాను. ఆయన మాటలు ఆరణికి పోయాయి, ఆత్తిపట్టుకు పోయాయి, చిత్తూరు బండ్లెక్కాయి. లావుపాటి పిల్ల పోయింది, నత్తి పిల్లవాడు పోయాడు. నాకు చేతులు నొప్పి తెలియలేదు. జెడ్ దగ్గరికి వచ్చేసరికి పాట పాడుకుంటున్నాను.

ఆయన దిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. సంచి నేనే తెచ్చి ఇచ్చాను. తేలికగా ఉందని చెయ్యి చెప్పింది ఆయనకు. లోపల రెండు అట్టలు. తల ఎత్తితే బల్ల మీద గంపలో పొట్లాలు, వాటి మీద ఆయన అక్షరాలు. ఒకటి విప్పాడు, ఇంకొకటి విప్పాడు. కుంకుమ పంచె మీద పడుతున్నా చూసుకోలేదు. మెట్టు మీద కూలబడి, మోకాలి మీద కాగితం ముక్కలు సాపు చేసుకుంటూ, పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. కావళ్ళ వాళ్ళు ఆయన్ని దాటుకుంటూ పోయారు. మంచిదాన్నని అనిపించుకోవడానికి అబద్ధం చెప్పను. నాకు కడుపు నిండింది.

"ఎవురు చేసినారు ఇది?" అన్నాడు నాయన. ఆయన గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

నా వేళ్ళకు సిరా ఉంది. చేతులు పావడాలో దాచుకున్నాను. అక్క నన్ను ఒకసారి చూసింది.

"నేనే నాయనా" అంది.

పెద్దయ్యవారు నెమ్మదిగా లేచాడు. మిగిలిన ముక్కల్ని సంచిలో వేసుకున్నాడు. "చూసినావు గదయ్యా?" అన్నాడు నాయనతో. "నేను రాసిన మాటలో తప్పేముండాది?"

ఆయన వెళ్ళిపోయాక నాయన అక్కను కొట్టాడు. అదే మొదలు, అదే ఆఖరు. కొట్టి, తనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అప్పుడు బయటపడింది. తిరువళ్ళూరు నుంచి వచ్చినప్పటి నుంచి ఆయన ఎవరికీ చెప్పకుండా పెద్దయ్యవారి ఇంటికి తిరుగుతున్నాడు. కాళ్ళు కూడా పట్టుకున్నాడు. మద్రాసు నుంచి రాగానే గడిలో మాట కొట్టేసి గుడ్ అని రాసిస్తానని ఆయన ఒప్పుకున్నాడు.

"రెండు దినాలు ఓర్చుకోలేకపోతివే తల్లీ" అన్నాడు నాయన అక్కతో.

నేను గంధం చెక్కల పెట్టె వెనక నిలబడి విన్నాను. నేనే చేశానని తర్వాత చెబుదామనుకున్నాను. రెండో జాబితా వచ్చింది, పోయింది. మరుసటి ఏడు అక్కను ఆరణిలో వడ్ల వ్యాపారం చేసే వాళ్ళింటికి ఇచ్చారు. నాయన పోయేవరకు చెప్పలేదు. అక్క కూడా చెప్పలేదు, అడగలేదు. పెద్దయ్యవారి మీద పగ ఆ మధ్యాహ్నంతో సగమైనా తీరింది. నా మీద నాకున్నది అలాగే ఉండిపోయింది. బస్సు స్టాండులో చీర కొంగు సర్దుకుంటూ పుస్తకాలు పట్టుకుని పోయే టీచరమ్మ ఎవరు కనిపించినా నేను అటు తిరిగి నిలబడేదాన్ని.

మొన్న మనవరాలు రైలుకు వెళ్ళాక అక్కకు ఫోను చేశాను. ఇప్పుడు ఆమెకు మోకాళ్ళు లేవవు గాని చెవులు బాగా పనిచేస్తాయి. ఆ మాట మళ్ళీ కనిపించిందని చెప్పాను.  ఇన్నేళ్ళకు అడిగాను.

"ఆ దినం నా తప్పు నీ మీద ఎందుకేసుకుంటివి అక్కా? నన్ను కాపాడాలనా? నా వల్ల నీ సీటు పోయింది."

"నువ్వనుకున్నేంత మంచిదాన్ని కాదే నేను" అంది. "నాయన పెద్దయ్యవారి కాళ్ళు పట్టుకున్నేది నాకు తెలుసు. గుడ్ అని రాసిస్తాడని నాయన నాకొక్కదానికే ముందురోజు చెప్పినాడు."

"తెలిసీ గమ్మునుంటివా?"

"నాయన కాళ్ళు పట్టుకోని తెచ్చే గుడ్ నాకొద్దనుకుంటి. ఆ సంచి మేకుకు తగిలించినప్పట్నుంచి నా మనసు దాని మీదే. బేరాలు తగ్గితే లోపలికి పోయి చింపాలని కాసుకోనుంటిని. గంప తీసుకుంటే పొట్లాల మీద ఆయప్ప అక్షరాలు. నువ్వు అప్పటికే మొదలుపెట్టేసినావు." దగ్గి, ఊపిరి తీసుకుంది. "నాయన అడిగితే కాదనేదానికి మనసు రాలే. చింపే భాగ్యం ఎట్లా పాయె, చేసిన పేరైనా నాకు దక్కనీ అనుకుంటి. సీటు పోయినాదని నీ మీద నాకు కోపం లేదే. నా చేత్తో చింపనియ్యలేదు చూడు, ఆ కోపం మాత్రం ఇంగా పోలే."

ఫోను పెట్టేశాను. ఇన్నేళ్ళూ నేను మా అక్క సీటు పోగొట్టానని కుమిలిపోయాను. ఆ సీటును ఆమె ఎప్పుడో వదులుకుంది. నేను ఎత్తుకుపోయింది ఆ మధ్యాహ్నాన్ని. అది మా అక్కది.